పాత కంప్యూటర్ల అభిమానులకు పాతకాలపు చాట్ గదులు ఇంకా పనికివస్తాయా?

రెండు దశాబ్దాల క్రితం బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో కళాశాల చదువు చదివినవారికి ఇంటర్నెట్ సెంటర్ అనుభవం గుర్తుండే ఉంటుంది. గంటకు ఇంత అని రుసుము చెల్లించి, చెక్కతో కట్టిన ఇరుకు అరలో కూర్చుని, యాహూ చాట్ గదిలో ప్రవేశించి, ముఖపరిచయం లేనివారితో ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు టైపు చేస్తూ గడిపిన తరం అది. ఆ యాహూ చాట్ గదులు 2012 డిసెంబరులో మూతపడ్డాయి. అమెరికాలో ఒకప్పుడు ఇంటింటా వాడిన ఏఓఎల్ ఇన్‌స్టంట్ మెసెంజర్ 2017 డిసెంబరులో ఆగిపోయింది. యాహూ మెసెంజర్ 2018 జూలైలో అదే దారి పట్టింది. వీటన్నిటికంటే ముందు పుట్టిన ఒక చాట్ పద్ధతి మాత్రం నేటికీ నడుస్తూనే ఉన్నది. దాని పేరు ఇంటర్నెట్ రిలే చాట్. క్లుప్తంగా ఐఆర్‌సీ అంటారు.

ఈ ఐఆర్‌సీని విడిచిపెట్టకుండా పట్టుకుని ఉన్నవారిలో పాత కంప్యూటర్లను సేకరించి, బాగుచేసి, తిరిగి నడిపించే అభిరుచి గలవారు ముఖ్యులు. 1980లలో కమడోర్, సింక్లెయిర్, ఎటారి, ఏకార్న్ వంటి సంస్థలు తయారుచేసిన యంత్రాలంటే వీరికి ప్రాణం. ఇటువంటివారు ఐరోపా, అమెరికాలలో ఎక్కువ. భారతదేశంలో తక్కువే గాని లేకపోలేదు. వీరిలో చాలామంది ఇప్పుడు డిస్కార్డ్ వంటి కొత్త వేదికలకు తరలిపోయారు. మిగిలినవారు పాత వస్తువుల మీది మమకారం కొద్దీ పాత గదిలో కూర్చున్నారా, లేక ఆ గదిలో నిజంగానే ఏదైనా సౌలభ్యం ఉన్నదా అన్నది విచారించదగిన ప్రశ్న. సౌలభ్యం ఉన్నది. అయితే అది మాట్లాడుకోవడానికే గాని మాటను దాచుకోవడానికి కాదు. ఈ తేడా గుర్తించకపోవడం వల్ల ఎంతో విలువైన పనితనపు జ్ఞానం చేజారిపోతున్నది.

ఫిన్లాండులో పుట్టిన రచ్చబండ

1988 ఆగస్టులో ఫిన్లాండు దేశంలోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ అనే విద్యార్థి ఈ పద్ధతిని రూపొందించాడు. ఆ విశ్వవిద్యాలయంలో టెలిఫోను తీగ ద్వారా కంప్యూటరుకు కంప్యూటరును కలిపి సందేశాలు ఉంచుకునే ఏర్పాటు ఒకటి అప్పటికే ఉండేది. అందులో పలువురు ఒకేసారి మాట్లాడుకోవడానికి ఉన్న పాత ప్రోగ్రాము స్థానంలో మెరుగైనదాన్ని పెట్టాలన్నదే ఆయన తొలి ఉద్దేశం. అది విశ్వవిద్యాలయం దాటి, దేశం దాటి, కొద్దికాలంలోనే ఖండాలు దాటింది. 1991లో గల్ఫ్ యుద్ధం జరుగుతున్నప్పుడు, అదే ఏడాది ఆగస్టులో సోవియట్ యూనియన్‌లో తిరుగుబాటు ప్రయత్నం జరిగినప్పుడు అక్కడి కబుర్లు ఈ గదుల గుండానే బయటి ప్రపంచానికి చేరాయి. 1993 మే నెలలో ఓయికరినెన్, డారెన్ రీడ్ కలిసి దీని నియమాలను ఒక పత్రంగా ప్రకటించారు. ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల వరుసలో దాని సంఖ్య 1459. నేటి సర్వర్లు కూడా ప్రధానంగా ఆ నియమాలనే అనుసరిస్తున్నాయి.

దీని పనితీరు పల్లెవాసులకు సులభంగానే బోధపడుతుంది. ఊరి రచ్చబండ వంటిది ఇది. అక్కడ ఉన్నవారికి మాట వినిపిస్తుంది. ఇంటికి వెళ్లిపోయినవారికి వినిపించదు. ఆలస్యంగా వచ్చినవాడు అంతకుముందు ఏం మాట్లాడుకున్నారో ఎవరినైనా అడిగి తెలుసుకోవలసిందే. ఐఆర్‌సీలో ఇటువంటి ఒక్కొక్క బండను ఛానెల్ అంటారు. సభ్యుడు తనకు నచ్చిన మారుపేరు పెట్టుకుని ఛానెల్‌లో చేరతాడు. అతడు టైపు చేసిన వాక్యం తన సర్వర్‌కు చేరుతుంది. ఆ సర్వర్ పక్క సర్వర్‌కు, అది మరో సర్వర్‌కు అందిస్తాయి. ఇలా చేతులు మారుతూ వెళుతుంది కాబట్టే రిలే అన్న పేరు వచ్చింది. సర్వర్ల మధ్య ఒక లంకె తెగితే, వాగు మీది వంతెన కొట్టుకుపోయిన ఊరిలాగా అటువారు అటు, ఇటువారు ఇటు ఉండిపోతారు. రెండు ఒడ్డులలోనూ సంభాషణ సాగుతూనే ఉంటుంది. ఒకరి మాట మరొకరికి వినబడదు, అంతే. లంకె తిరిగి కలిసినప్పుడు అందరూ మళ్లీ ఒకే గదిలో ప్రత్యక్షమవుతారు. అయితే విడిపోయిన సమయంలో జరిగిన మాటలు మాత్రం అవతలి ఒడ్డుకు ఎప్పటికీ చేరవు.

2003 ప్రాంతంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 10 లక్షల మంది ఒకేసారి ఈ గదులలో ఉండేవారని అంచనా. 2012 నాటికి ఆ సంఖ్య 4 లక్షలకు పడిపోయింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను తయారుచేసే మొజిల్లా సంస్థ తన ఐఆర్‌సీ సర్వర్‌ను 2020 మార్చిలో మూసివేసి వేరొక పద్ధతికి మారింది. ఇంత తగ్గుదల తరువాత కూడా పాత కంప్యూటర్లవారు మిగిలి ఉండడానికి ఒక సాంకేతిక కారణం ఉన్నది.

యంత్రమే సభ్యుడైనప్పుడు

డిస్కార్డ్‌లో పాత కంప్యూటర్ గురించి మాట్లాడవచ్చు. కాని పాత కంప్యూటర్ మీద కూర్చుని నేరుగా డిస్కార్డ్‌లో మాట్లాడడం కుదరదు. ఈ ఒక్క వాక్యంలో చిక్కు అంతా ఇమిడి ఉంది.

1982లో వచ్చిన కమడోర్ 64ను తీసుకుందాం. దాని పేరులోని 64 అన్నది దానికున్న ర్యామ్, అంటే 64 కిలోబైట్లు. దాని ప్రాసెసర్ వేగం సుమారు 1 మెగాహెర్ట్జ్. టీవీ తెర మీద వరుసకు 40 అక్షరాల చొప్పున 25 వరుసలు కనిపిస్తాయి. నేటి చాట్ అప్లికేషన్ ఒకటి 300 మెగాబైట్ల ర్యామ్ తీసుకుంటుందని అనుకుంటే, అది 4,800 కమడోర్ యంత్రాల ర్యామ్‌తో సమానం. కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఆ యంత్రంలో కూర్చోబెట్టడం ఏనుగును ఎడ్లబండి ఎక్కించబోవడమే.

ఐఆర్‌సీకి ఆ బరువు లేదు. అది అచ్చమైన అక్షరాల మీద నడిచే వ్యవహారం. సభ్యుని యంత్రం సర్వర్‌కు పంపవలసినవి మూడు నాలుగు రకాల వాక్యాలే: మారుపేరు ఫలానా, ఫలానా ఛానెల్‌లో చేర్చుము, ఫలానా ఛానెల్‌కు ఈ మాట చెప్పుము. మధ్యమధ్య సర్వర్ 'పింగ్' అని పలకరిస్తుంది. ఉన్నానని తెలుపడానికి యంత్రం 'పాంగ్' అని బదులు పలకాలి. పలకకపోతే ఆ మనిషి వెళ్లిపోయాడని భావించి సర్వర్ లంకె తెంపివేస్తుంది. ఒక్కొక్క సందేశం, చివరి రెండు గుర్తులతో కలిపి, 512 బైట్లకు మించరాదని నియమం. బొమ్మలు లేవు, శబ్దాలు లేవు. కాబట్టి చాలా చిన్న యంత్రం కూడా దీన్ని మోయగలదు. స్వీడన్‌కు చెందిన ఆడమ్ డంకెల్స్ 2003లో విడుదల చేసిన కాంటికి అనే వ్యవస్థ కమడోర్ 64 మీద ఇంటర్నెట్‌ను నడిపించి చూపింది. దానికోసం ఐఆర్‌సీ ప్రోగ్రాము కూడా సిద్ధమైంది. ఐబీఎం పీసీ తరగతి డాస్ యంత్రాల కోసం మైకేల్ బ్రుట్మన్ అనే ప్రోగ్రామర్ రచించిన ఎంటీసీపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మూటలో ఐఆర్‌సీజేఆర్ అన్న చాట్ ప్రోగ్రాము ఉన్నది. 1980ల తొలినాళ్ల 8088 ప్రాసెసర్ యంత్రం మీద సైతం అది పనిచేస్తుంది.

పాత యంత్రాన్ని నేటి వైఫైకి కలపడం ఎలాగన్న సందేహం రావచ్చు. దానికి అభిమానులు ఒక చమత్కారమైన ఉపాయం కనిపెట్టారు. 1981లో హేస్ సంస్థ తెచ్చిన మోడెమ్ కొన్ని ఆజ్ఞలకు లోబడి టెలిఫోను నంబరు తిప్పేది. పాత కంప్యూటర్లకు ఆ ఆజ్ఞలే తెలుసు. ఇప్పుడు ఈఎస్‌పీ 8266 అనే చవకైన వైఫై చిప్ మీద ఆ హేస్ మోడెమ్‌లాగా నటించే ప్రోగ్రామును ఎక్కిస్తారు. కంప్యూటర్ పాత అలవాటు కొద్దీ 'ఫలానా నంబరుకు ఫోన్ చేయి' అంటుంది. చిప్ ఆ నంబరు స్థానంలో సర్వర్ చిరునామాను అందుకుని వైఫై ద్వారా అక్కడికి లంకె కలుపుతుంది. తన ముందున్నది నిజమైన మోడెమ్ కాదన్న సంగతి కంప్యూటరుకు తెలియనే తెలియదు.

మరొక అడ్డంకి గూఢలిపి. నేటి వెబ్‌సైట్లు దాదాపు అన్నీ గూఢలిపి లేనిదే తలుపు తీయవు. ఆ లెక్కలు చేయడం 1 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు తలకు మించిన భారం. అనేక ఐఆర్‌సీ నెట్‌వర్క్‌లు గూఢలిపి గల ద్వారంతోపాటు, అది లేని పాత ద్వారాన్ని కూడా 6667 అనే సంఖ్య మీద తెరిచే ఉంచాయి. నిపుణులు దీన్ని లోపంగానే పరిగణిస్తారు. దారి మధ్యలో ఉన్నవారు మాటను చదవగలరు కాబట్టి ఆ అభిప్రాయంలో న్యాయం ఉన్నది. కాని కెపాసిటర్ల గురించిన ముచ్చటను దారిలో ఎవరైనా చదివితే కలిగే నష్టం స్వల్పం. ఆ లోపమే ఇక్కడ తలుపు గడియగా కాక తలుపుగా ఉపయోగపడుతున్నది. కొత్త వేదికలు ఇటువంటి తలుపులను ఒకటొకటిగా మూస్తూ వచ్చాయి. కార్యాలయాలలో వాడే స్లాక్ అనే వేదికకు మొదట్లో ఐఆర్‌సీ ప్రోగ్రాము ద్వారా ప్రవేశించే వీలుండేది. 2018 మే నెలలో దాన్ని తొలగించారు.

ఈ సౌకర్యాన్ని ఆటవిడుపుగా కొట్టివేయరాదు. బాగుచేసిన యంత్రం నిజంగా బాగుపడిందా లేదా అన్నది దానితో ఒక పని చేయించినప్పుడే తెలుస్తుంది. రెండు మూడు గంటలు ఆగకుండా అక్షరాలు అందుకుంటూ, పింగ్‌కు పాంగ్ పలుకుతూ నిలిచిన కమడోర్ ఒక పరీక్ష నెగ్గినట్లే. మధ్యలో స్తంభించిపోతే వేడెక్కిన చిప్ ఏదో ఒకటి ఉన్నదని అనుమానించవచ్చు.

స్త్రీ అన్న మాటకు 18 బైట్లు

ఐఆర్‌సీ ఫిన్లాండులో పుట్టిందనడానికి నియమాల పత్రంలోనే ఒక పుట్టుమచ్చ ఉన్నది. ఆ కాలపు 7 బిట్ల అక్షరపట్టికలో ఫిన్నిష్, స్వీడిష్ భాషల ప్రత్యేకాక్షరాలకు చోటు లేకపోయింది. అందువల్ల ఆ దేశాలవారు చదరపు బ్రాకెట్లు, మీసాల బ్రాకెట్లు వంటి గుర్తుల స్థానాలలో తమ అక్షరాలను కూర్చోబెట్టుకున్నారు. ఒక జత పెద్దక్షరాలకు, మరొక జత చిన్నక్షరాలకు చెల్లింది. తత్ఫలితంగా ఐఆర్‌సీ నియమాల ప్రకారం మారుపేరులో చదరపు బ్రాకెట్ పెట్టినా, మీసాల బ్రాకెట్ పెట్టినా ఒకటే పేరుగా లెక్క. కారణం తెలియని అమెరికా వినియోగదారునికి ఇది వింతగా తోస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో నేర్చి, ఒక భాషను మరొక భాష అక్షరాలలో రాసుకున్న సరిహద్దు పిల్లలకు మాత్రం ఇందులో వింతేమీ కనిపించదు.

తెలుగువారు కూడా అటువంటి సర్దుబాటే చేసుకున్నారు. 1990ల ఆరంభంలో అమెరికాలోని తెలుగువారు అంతర్జాలంలో చర్చించుకోవడానికి ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని వాడారు. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందినందున దానికా పేరు. పెద్ద ఇంగ్లీషు అక్షరం ఒక ధ్వనికి, చిన్న అక్షరం మరొక ధ్వనికి కేటాయించి తెలుగు వర్ణమాలను ఇరవయ్యారు అక్షరాలలో ఇమిడ్చారు. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు స్థానం లభించినా, ఆ అక్షరాలు సాధారణ కంప్యూటర్ తెర మీద సరిగా కనిపించడానికి మరో పదేళ్లకు పైగా పట్టింది.

నేడు ఐఆర్‌సీలో తెలుగు లిపిలో రాయడం సాధ్యమే. అయితే 512 బైట్ల నియమం తెలుగుకు ఇరుకు. యూనికోడ్ అమరికలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. 'స్త్రీ' అన్న మాట చూడడానికి ఒకే అక్షరం. లోపల సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈత్వం అని 6 గుర్తులు. వెరసి 18 బైట్లు. ఇంగ్లీషువాడు 500 అక్షరాల పేరా పంపగలిగిన చోట తెలుగువాడు రెండు వాక్యాలకే ఆగవలసి వస్తుంది. ఇక కమడోర్ తెర మీద తెలుగును ఆశించడం వృథా. 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల చిన్న గడిలో వత్తులు ఇమడవు. సీ-డాక్ సంస్థ అందించిన జిస్ట్ కార్డు ఉన్న పాత డాస్ యంత్రమైతే తెలుగును చక్కగా చూపేది. కాని ఆ కార్డు యూనికోడ్‌ను ఎరుగదు. భారతీయ భాషల కోసం 1991లో ప్రమాణంగా ఆమోదించిన ఇస్కీ అమరికనే అది గుర్తిస్తుంది. ఆ రెండింటి మధ్య దుబాసీగా పనిచేసే ప్రోగ్రాము రాయడం ఇక్కడి అభిమానులు చేపట్టదగిన పని.

మాట నిలవని చోటు

ఇంతవరకు చెప్పినది ఐఆర్‌సీకి అనుకూలమైన పక్షం. రెండో పక్షం ఇంతకంటే గంభీరమైనది.

పాత కంప్యూటర్ల మరమ్మతుకు సంబంధించిన జ్ఞానంలో పుస్తకాలకు ఎక్కనిదే ఎక్కువ. యంత్రం 40 ఏళ్ల తరువాత ఎక్కడ చెడిపోతుందో దాన్ని తయారుచేసిన నాడు ఎవరికీ తెలియదు. తెలిసినదల్లా తరువాత బాగుచేసినవారి అనుభవం. బ్రిటన్‌లో ఏకార్న్ సంస్థ 1981 చివర విడుదల చేసిన బీబీసీ మైక్రో ఇందుకు మంచి ఉదాహరణ. దాని విద్యుత్ పెట్టెలో మెయిన్స్ కరెంటుకు అడ్డంగా రీఫా అనే రకం కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. దశాబ్దాలు గడిచేసరికి వాటి పై తొడుగు సన్నగా పగులుతుంది. గాలిలోని తేమ లోపలి కాగితంలోకి చేరుతుంది. అప్పటికీ యంత్రం బయటికి చక్కగానే కనిపిస్తుంది. ప్లగ్గు పెట్టి స్విచ్ వేసిన కొద్ది నిమిషాలకు చిన్న చప్పుడుతో పేలి, గదినిండా ఘాటైన పొగ కమ్ముకుంటుంది. ఈ సంగతి తెలిసినవారు ముందుగానే ఆ కెపాసిటర్లు మార్చుకుంటారు. అందుకయ్యే ఖర్చు స్వల్పం. తెలియనివారు యంత్రం కాలిపోయిందనుకుని పాత సామానువాడికి వేసేస్తారు. నిజానికి ఆ పొగ తరువాత కూడా మిగతా యంత్రం చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది.

ఇటువంటి హెచ్చరిక ఐఆర్‌సీలో అడిగిన క్షణంలో దొరుకుతుంది. ఒకరు అడుగుతారు, మరొకరు 'స్విచ్ వేయవద్దు, ముందు మూత విప్పి చూడండి' అంటారు. విప్పి చూసినవాడు తాను చూసినది చెబుతాడు. ఎదుటివాడు ఏ తీగ ఎక్కడిదో వివరిస్తాడు. ప్రశ్నకు ప్రశ్న, జవాబుకు జవాబు వెంటవెంటనే సాగడం మరమ్మతుకు ఎంతో అవసరం. చేతిలో సోల్డరింగ్ కడ్డీ వేడిగా ఉన్నవాడు రేపటి దాకా ఆగలేడు. కాని గంట తరువాత ఆ సంభాషణ ఎక్కడ ఉంటుంది? సంప్రదాయ ఐఆర్‌సీ సర్వర్ ఏ మాటనూ నిలవ ఉంచదు. ఆ సమయంలో గదిలో ఉన్నవారిలో ఎవరి కంప్యూటరైనా నకలు రాసుకుంటే రాసుకున్నట్లు, లేకపోతే పోయినట్లు. మరుసటి వారం మరో ఊరివాడు అదే ప్రశ్న వేస్తాడు. సమాధానం చెప్పగలవాడు ఆ రోజు గదిలో ఉండకపోవచ్చు. ఏదో ఒక నాటికి శాశ్వతంగానే ఉండకపోవచ్చు. కమడోర్, ఏకార్న్, ఆపిల్ యంత్రాలలో చాలావాటికి ప్రాణమైన 6502 ప్రాసెసర్ రూపకర్త చక్ పెడిల్ 2019 డిసెంబరులో మరణించాడు. బ్రిటన్‌లో సామాన్యుల ఇళ్లకు కంప్యూటర్‌ను చేర్చిన క్లైవ్ సింక్లెయిర్ 2021 సెప్టెంబరులో కన్నుమూశాడు. ఆ తరం ఇంజినీర్లు, వారి వద్ద పని నేర్చిన మెకానిక్కులు ఒక్కొక్కరే తరలిపోతున్నారు.

అయితే డిస్కార్డ్ ఈ లోటును తీర్చిందని భావిస్తే పొరపాటు. 2015లో మొదలైన ఆ వేదిక మాటలను నిలవ ఉంచుతుంది, బొమ్మలు అనుమతిస్తుంది. పగిలిన కెపాసిటర్ ఫోటో చూపించగలగడం చిన్న సౌకర్యం కాదు. కాని ఆ నిలవ అంతా ఒక ప్రైవేటు సంస్థ తాళం వేసిన గదిలో ఉంటుంది. సభ్యుడు కానివాడు గూగుల్‌లో ఎంత వెదికినా అక్కడి సమాధానం కనిపించదు. 2023 చివరి నుంచి అక్కడ ఉంచిన ఫైళ్ల లింకులను బయట వాడితే ఒక రోజులోనే కాలం చెల్లేలా నిబంధన మార్చారు. పాత యంత్రాల సాఫ్ట్‌వేర్‌ను అక్కడ పెట్టి, ఆ లింకును వేరేచోట రాసుకున్నవారికి ఆ మార్పు నష్టం కలిగించింది. రచ్చబండ మీద మాట గాలికి పోతే, ఇక్కడ మాట బీరువాలో పడి తాళంచెవి యజమాని దగ్గర ఉండిపోయింది.

యాజమాన్యపు చిక్కు ఐఆర్‌సీకి లేదనుకోరాదు. స్వచ్ఛంద సేవకులు నడిపిన ఫ్రీనోడ్ అనే పెద్ద నెట్‌వర్క్ అందుకు నిదర్శనం. దాని అధికారం ఎవరిదన్న వివాదం ముదిరి, 2021 మే 19న నిర్వాహకులు మూకుమ్మడిగా వైదొలగి లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్క్ స్థాపించారు. మరుసటి వారం, కొత్త చోటు పేరును తమ గది నోటీసులో రాసుకున్న వందలాది ఛానెళ్లను ఫ్రీనోడ్ స్వాధీనం చేసుకున్నది. జూన్‌లో నమోదు వివరాలేవీ లేకుండా సర్వర్లను కొత్తగా మొదలుపెట్టడంతో ఏళ్ల తరబడి వాడుకున్న పేర్లు, గదులు ఒక్కసారిగా చెల్లకుండా పోయాయి. అయినా సంఘాలు చెదిరిపోలేదు. ఎందుకంటే ఐఆర్‌సీ ఒక సంస్థ సొత్తు కాదు, అందరికీ తెలిసిన నియమాల కూర్పు. సర్వర్ పేరు ఒక్కటి మార్చుకుంటే పాత ప్రోగ్రాము, పాత అలవాట్లు అలాగే పనిచేశాయి. డిస్కార్డ్ వంటి సంస్థ ఒకనాడు తలుపు మూస్తే సభ్యులకు ఈ వెసులుబాటు ఉండదు. యాహూ చాట్‌వారికి 2012లో జరిగినది అదే.

కాబట్టి మాట్లాడుకునే చోటు వేరు, రాసి దాచుకునే చోటు వేరు అని ఏర్పరచుకున్న సంఘాలే ఈ విషయంలో తెలివైనవి. కొన్నిచోట్ల ఛానెల్‌లో ఒక రోబో ప్రోగ్రాము కూర్చుని ప్రతి మాటనూ తేదీతో సహా బహిరంగంగా నమోదు చేస్తుంది. అలాంటి గదిలో ముందుగానే నోటీసు ఉండాలి; చెప్పకుండా నమోదు చేయడం మర్యాద కాదు. మరికొన్నిచోట్ల వంతెన ప్రోగ్రాము ఒకటి డిస్కార్డ్ గది మాటను ఐఆర్‌సీకి, ఇక్కడి మాటను అక్కడికి మోస్తుంది. ఒకరు కొత్త ఫోనులో, మరొకరు 1982 నాటి యంత్రంలో కూర్చుని ఒకే సంభాషణలో పాల్గొంటారు. కాని రోబో రాసిన చిట్టాలో పనికివచ్చే వాక్యం వంద కబుర్ల మధ్య ఒకటి ఉంటుంది. దాన్ని ఏరి, మోడల్ పేరు, లక్షణం, కారణం, చేసిన మరమ్మతు అని నాలుగు ముక్కలుగా రాసి అందరికీ కనిపించే చోట పెట్టే మనిషి ఉండాలి. చాలా గదులలో ఆ పనికి ఎవరూ ముందుకు రారు. కబుర్లలో ఉన్న సరదా గుమాస్తా పనిలో ఉండదు మరి.

ఇంట్లో పాత యంత్రం ఉన్నవారికి

ఇదంతా ఐరోపావారి గొడవగా తోచవచ్చు. 1984లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన క్లాస్ పథకం కింద దేశంలో తొలివిడతగా సుమారు 250 పాఠశాలలకు చేరినవి ఆ బీబీసీ మైక్రో యంత్రాలే. వాటిలో కొన్ని నేటికీ ఏ బడి సామాను గదిలోనో దుమ్ము కింద ఉండవచ్చు. 1990లలో దుకాణాలు, కార్యాలయాలు కొన్న 386, 486 తరగతి కంప్యూటర్లు అంతకంటే ఎక్కువ ఇళ్ల అటకల మీద ఉన్నాయి. వీటికి వేరే రోగం ఉంది. మదర్‌బోర్డు మీద పీపా ఆకారంలో సోల్డర్ చేసిన నికెల్ కాడ్మియం బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ కారి, కింది రాగి గీతలను తినివేస్తుంది. కమడోర్ వారి అమీగా 500 ప్లస్, అమీగా 2000, 4000 యంత్రాలదీ ఇదే రోగం. అటువంటి పెట్టె కనబడితే కరెంటు పెట్టకుండా మూత విప్పి, బ్యాటరీని కత్తిరించి తీసివేయడం మొదటి పని. కారిన చోటును కొద్దిగా వెనిగర్‌తో తుడిచి, ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయడం అనుభవజ్ఞుల పద్ధతి. విద్యుత్ పెట్టెను, పాత మానిటర్‌ను మాత్రం తెలియనివారు విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా వాటిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

సలహా కోసం ఐఆర్‌సీ గదికి వెళ్లే పిల్లలకు పెద్దలు ముందుగా రెండు మూడు సంగతులు చెప్పాలి. అక్కడ మారుపేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. నిన్నటి పేరుగలవాడే నేటివాడన్న హామీ నమోదైన పేర్లకు తప్ప లేదు. చాలా నెట్‌వర్క్‌లలో, రక్షణ తొడుగు అడిగి పెట్టించుకుంటే తప్ప, సభ్యుని ఇంటర్నెట్ చిరునామా ఇతరులకు కనిపిస్తుంది. తెలియనివారు నేరుగా పంపే ఫైళ్లు అందుకోరాదు. ఫోన్ నంబరు, ఊరి పేరు ఇవ్వరాదు. భాష గురించి బెంగ పడనక్కరలేదు. అక్కడ నడిచేది ఇంగ్లీషే అయినా అది రాత సంభాషణ. నిఘంటువు పక్కన పెట్టుకుని నిదానంగా రాసినా ఎవరూ నవ్వరు, ఉచ్చారణ ఎవరికీ వినిపించదు. సర్కారు బడి పిల్లవాడికి ఇంగ్లీషు రాయడానికి ఇంతకంటే మంచి కారణం దొరకడం అరుదు.

కొత్తవారు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. గదిలో చేరి, నమస్కారం పెట్టి, ప్రశ్న వేసి, ఐదు నిమిషాలు చూసి, ఎవరూ పలకలేదని వెళ్లిపోతారు. జాబితాలో 50 పేర్లు కనిపిస్తున్నా ఆ సమయంలో వారిలో చాలామంది నిద్రలోనో, ఉద్యోగంలోనో ఉంటారు; వారి కంప్యూటర్లు మాత్రమే మెలకువగా ఉంటాయి. చలికాలంలో జర్మనీ గడియారం ఇక్కడికంటే నాలుగున్నర గంటలు, బ్రిటన్ గడియారం ఐదున్నర గంటలు వెనుక నడుస్తుంది. వారు భోజనం ముగించుకుని రాత్రి 8 గంటలకు కూర్చునేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ఆదివారం మధ్యాహ్నం 3 గంటల తరువాత అడగడం ఉభయులకూ అనుకూలం. యంత్రం పేరు, మోడల్ సంఖ్య, స్విచ్ వేసినప్పుడు ఏం కనిపించింది, ఏం వినిపించింది అన్నవి ఒకే వాక్యంలో రాసి, ప్రోగ్రామును మూయకుండా వదిలి ఇతర పనులు చూసుకోవచ్చు. మధ్యలో కరెంటు పోయి లంకె తెగితే అప్పటి జవాబు దక్కదు. మళ్లీ చేరి, మళ్లీ అడగాలి. దొరికిన జవాబును మాత్రం అప్పటికప్పుడే తేదీ వేసి కాగితం మీద రాసి, ఆ యంత్రం మూత లోపల అంటించి ఉంచాలి.